ఫోర్‌మన్ గారి నూట పన్నెండు ఓట్లు

ఇరవై ఆరేళ్ళలో ప్రభుత్వ ముద్రణాలయం ఎన్నికల ఫలితాలను ఒక్కసారి కూడా ఆలస్యంగా అచ్చు వేయలేదు. ఆ మాటకొస్తే ఒక్కసారి కూడా ఎన్నికలయ్యాక అచ్చు వేయలేదు. పోలింగు ఆదివారమైతే, దానికి ముందొచ్చే మంగళవారం నాడు ఏలుబడి చేస్తున్న పెద్దాయన కార్యాలయం నుంచి లక్క ముద్రతో ఒక కవరు వచ్చేది. ఏ వార్డులో ఎవరు ఎన్ని ఓట్లతో గెలవబోతున్నారో అందులో అంకెలతో సహా ఉండేది. బుధవారం కంపోజింగు, గురువారం ప్రూఫు, ఆ సాయంత్రానికి అచ్చు. శుక్రవారం తెల్లారేసరికి ఫలితాలు ఊరి గోడలెక్కేవి. జనం వాటిని చదువుకుని, తాము ఎవరిని ఎన్నుకున్నారో తెలుసుకుని, ఆదివారం పూట కాళ్ళు బారజాపి నిద్రపోయేవారు.

ఈ పనంతా నడిపించినవాడు ఫోర్‌మన్. పొట్టి మనిషి, ముక్కు చివర కళ్ళజోడు, సిరా ఎక్కి నల్లబడ్డ వేళ్ళు. ఆయనకు ఒకే ఒక్క సూత్రం: అచ్చు వేసేవాడు చదవకూడదు. చదివితే ఆలోచన వస్తుంది, ఆలోచన వస్తే చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే పని ఆలస్యమవుతుంది. అందుకని ఆయన సీసపు అక్షరాలను ఏరేవాడు, పేర్చేవాడు, బిగించేవాడు. అవి కలిసి ఏమంటున్నాయో పట్టించుకునేవాడు కాదు. పెద్దాయనకు ప్రతిసారీ తొంభై తొమ్మిది పాయింటు తొమ్మిది శాతం రావడం వల్ల అరలోని తొమ్మిదులన్నీ అరిగి గుండు కొట్టించుకున్నట్టు తయారయ్యాయని మాత్రం గమనించాడు. మూడులు, నాలుగులు పెట్టెలోంచి తీసిన కొత్త గిన్నెల్లా తళతళలాడుతూ ఊరికే పడి ఉండేవి. తొమ్మిదులు కొత్తవి కావాలని అర్జీ పెట్టుకున్నాడు, అవి వచ్చాయి. తొమ్మిదులే ఎందుకు అరుగుతున్నాయని అడిగితే మాత్రం చెప్పలేకపోయేవాడు. అదృష్టవశాత్తూ ఎవరూ అడగలేదు.

అలాంటి పెద్దాయన ఒకరోజు పన్ను పీకించుకోవడానికి విదేశం వెళ్ళాడు. వెళ్ళినవాడు పన్నుతో పాటు పదవినీ అక్కడే వదిలేసి, ఇక రానని ఉత్తరం రాశాడు. ఇదేదో తమకు పెట్టిన పరీక్షేమోనని ఊరు వారం రోజులు కిక్కురుమనలేదు. తర్వాత నెమ్మదిగా తాత్కాలిక ప్రభుత్వం అని ఒకటి వచ్చింది. తాళాలు తుప్పు పట్టిపోతే తలుపులు పగలగొట్టి న్యాయస్థానం తెరిచారు. ఎన్నికల కమిషన్ అని మరొకటి పుట్టింది. ఎవరి అధికారం ఎంతవరకో తేల్చి చెబుతూ నాలుగు వందల పేజీల రాజ్యాంగం రాశారు. దాన్ని అచ్చు వేసింది మన ఫోర్‌మనే. అందులో ఒక్క అచ్చుతప్పు లేదు. ఆయన బుర్రకెక్కింది ఒక్క ముక్కా లేదు.

సరిగ్గా ఇప్పుడే ఆయన భార్య ఎన్నికల్లో నిలబడింది.

ఆమెను ఊళ్ళో అందరూ టీచరమ్మ అంటారు. ఏడో వార్డు బడిలో ఇరవై నాలుగేళ్ళుగా లెక్కలు చెబుతోంది. ఆ బడికి గదులు నాలుగు, తలుపులు మూడు. నాలుగో గదికి తలుపు పెట్టించమని ఆమె తొమ్మిది అర్జీలు పెట్టింది. తొమ్మిదింటికీ "మీ విన్నపము పరిశీలనలో ఉన్నది" అని జవాబు కార్డు వచ్చింది. ఆ కార్డులు అచ్చు వేసిందీ మొగుడే. పదో అర్జీ రాయబోతూ ఆమె కలం మూసేసి, "ఇక అడగడం అయిపోయింది, నేనే వార్డు మెంబర్నవుతాను" అంది.  పెద్దాయన రోజుల్లో పోటీ చేసినవాళ్ళ పేర్లు కూడా ఫోర్‌మనే అచ్చు వేశాడు. ఆ పేర్లు మళ్ళీ ఏ జాబితాలోనూ కనపడలేదన్న సంగతి, చదవనని ఎంత ఒట్టు పెట్టుకున్నా, ఆయన కంట పడకపోలేదు. ఆయనకు నిజంగా భయం వేసింది. భార్య గెలవాలని ఆయనకు లేదు. ఆమెకు దెబ్బ తగలకుండా, అవమానం జరగకుండా, మెత్తగా ఓడిపోయి ఇంటికి వచ్చేస్తే చాలనుకున్నాడు. ఆమెకు మాత్రం గెలవాలని ఉంది, చాలా గట్టిగా ఉంది.

మంగళవారం వచ్చింది. కవరు రాలేదు.

బుధవారం పొద్దున పదింటిదాకా ఫోర్‌మన్ ముద్రణాలయం గేటు దగ్గరే నిలబడ్డాడు. పదింటికి ఇక ఆగలేక, గొడుగు పట్టుకుని తాత్కాలిక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్ళాడు.

"ఫలితాలు ఇంకా అందలేదండీ. కంపోజింగుకి టైమైపోతోంది" అన్నాడు కార్యదర్శితో.

కార్యదర్శి అదిరిపడి తలుపు మూశాడు. "ఏం మాటలవి? ఫలితాల్లో ప్రభుత్వం జోక్యం చేసుకోదు. అది మా అధికారంలో లేదు."

"అయ్యో, జోక్యం నాకేం అక్కర్లేదండీ. అంకెలిస్తే చాలు."

అక్కణ్ణుంచి బయటపడి న్యాయస్థానానికి వెళ్ళాడు. అక్కడి గుమాస్తా ఓపికున్న మనిషి. "చూడండీ, గొడవ పడితేగానీ కోర్టు పలకదు. ముందు ఎన్నిక జరగాలి. ఎవరో ఒకరు ఓడిపోవాలి. ఓడిపోయినవాడికి ఒళ్ళు మండాలి. అప్పుడు రండి, మా అధికారమేంటో చూద్దురుగాని" అని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

"అంతవరకూ ఆగితే ఆలస్యమైపోదా అండీ?"

"ఆలస్యమయ్యాకే మా పని మొదలవుతుందండీ" అన్నాడు గుమాస్తా గర్వంగా.

చివరికి ఎన్నికల కమిషన్‌కు చేరాడు. అక్కడ ఒక అధికారిణి, ముప్పై ఏళ్ళుంటాయేమో, చేతిలో నిబంధనల పుస్తకంతో బ్యాలెట్ పెట్టెల మూతలు వేసి తీసి చూసుకుంటోంది. ఫోర్‌మన్ వచ్చిన పని చెప్పాడు.

"ఫలితాలు ప్రజలు నిర్ణయిస్తారండీ" అంది ఆమె నవ్వుతూ.

"ఏ అంతస్తులో ఉంటారండీ వాళ్ళు?"

ఆమె ఇది హాస్యమనుకుని గట్టిగా నవ్వింది. ఫోర్‌మన్ ఇది రహస్యమనుకుని గొంతు తగ్గించాడు. "సోమవారం ఫలితాలు విడుదల చేయాలి కదండీ. మరి మేమేం చేయమంటారు?"

"మీరు అన్నీ సిద్ధంగా పెట్టుకోండి, చాలు" అంది అధికారిణి. కాగితం, సిరా సిద్ధంగా ఉంచుకోమని ఆమె ఉద్దేశం. ఇరవై ఆరేళ్ళుగా సిద్ధం అంటే అచ్చయి, ఆరి, కట్ట కట్టి ఉండడమే అని ఫోర్‌మన్‌కు ఎరుక. దారి పొడవునా ఆలోచిస్తే ఆయనకు విషయం బోధపడింది. అంకెలివ్వడానికి ఇప్పుడు ఎవరికీ అధికారం లేదు. అంకెలు మాత్రం కావాలి. అంటే ఈ భారమంతా ఎత్తుకోవాల్సింది తన నెత్తి మీదికే.

బుధవారం మధ్యాహ్నం ఆయన స్వయంగా పన్నెండు వార్డుల ఫలితాలు నిర్ణయించాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు. కానీ ఎంత శ్రద్ధగా చేశాడో చెప్పాలి. ఏ వార్డుకావార్డు మనుషుల్ని తలుచుకుని, ఎవరికి ఎంత పలుకుబడి ఉందో అంచనా కట్టి, న్యాయంగా పంచాడు. పదకొండు వార్డులు గంటలో అయిపోయాయి. ఏడో వార్డు దగ్గర చెయ్యి ఆగింది.

ఏడో వార్డులో అభ్యర్థులు ముగ్గురు. ఒకరు సిమెంటు కొట్టు ఓనరు. ఆయన కంటే ముందు ఆయన బొజ్జ గదిలోకి వస్తుంది గనక అందరూ బొజ్జాయన అంటారు. రెండోవాడు వీధి మలుపులో గొడుగులు బాగుచేసే గొడుగులాయన. అతనెందుకు నిలబడ్డాడో అతనికే తెలియదు. దరఖాస్తు ఉచితమంటే నింపాడు. మూడో మనిషి టీచరమ్మ.

భార్యను గెలిపిస్తే ఫోర్‌మన్ పెళ్ళాన్ని గెలిపించుకున్నాడంటారు. సున్నా వేస్తే ఇంట్లో తిండి పుట్టదు. మధ్యే మార్గంగా ఆయన కాగితం తీసుకుని, ఆమెకు కచ్చితంగా ఓటు వేసేవాళ్ళను ఒక్కొక్కరినే రాసుకుంటూ పోయాడు. నూట పన్నెండు తేలింది. గౌరవంగానే ఉందనిపించింది. గొడుగులాయనకు ఇంట్లో ఐదుగురు, బాగుచేయమని గొడుగులిచ్చి తిరిగి రావేమోనని భయపడుతున్నవాళ్ళు ఇద్దరు, వెరసి ఏడు. మిగతావాళ్ళలో ఊళ్ళో లేనివాళ్ళను, బద్ధకస్తులను తీసేసి బొజ్జాయనకు పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది వేశాడు. గురువారం సాయంత్రానికి అచ్చయింది. కట్టలకు ఎర్ర పురికొస కట్టి, సోమవారం ఇద్దామని వెనక తలుపు దగ్గర పెట్టించి, తృప్తిగా ఇంటికెళ్ళాడు.

ఆ వెనక తలుపుకూ ఎర్ర పురికొసకూ అలవాటుపడ్డ మనిషి ఇంకొకడున్నాడు. ముద్రణాలయం వ్యాను నడిపే బావమరిది, అంటే టీచరమ్మ తమ్ముడు. ఎర్ర పురికొస కట్ట వెనక తలుపు దగ్గర ఉందంటే శుక్రవారం తెల్లారేసరికి అంటించాలని అర్థం. ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎవరూ చెప్పలేదు కూడా. అతను మూడు వందల నలభై పోస్టర్లు ఊరంతా అంటించి, బ్రష్షు కడుక్కుని, ఎంత బాగా చేశానా అనుకుంటూ టీ తాగాడు.

శుక్రవారం ఎనిమిదింటికల్లా ప్రతి గోడ ముందూ గుంపు. రిటైరైన పోస్టుమాన్ ఒకాయన కళ్ళజోడు తుడుచుకుని మరీ మూడుసార్లు చదివాడు. "నేనింకా ఓటెయ్యనే లేదు. కానీ లెక్క మాత్రం సరిపోయింది. మరి నేనెవరికేసినట్టు?" అని పక్కాయన్ని అడిగాడు. పక్కాయనకూ అదే అనుమానం. బొజ్జాయన మాత్రం ఎవర్నీ ఏమీ అడగలేదు. బ్యాండు మేళం పిలిపించుకుని, ఆ పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది మందికీ ధన్యవాదాలు చెబుతూ ఊరేగింపు తీశాడు. అందరికీ దండం పెడుతుంటే, పెట్టించుకున్నవాళ్ళందరికీ ఒళ్ళు మండింది. నన్నడక్కుండా నా ఓటు ఇతనికెలా వేశారన్నదే ప్రతివాడి బాధానూ.

గొడుగులాయన సంగతి వేరు. అతను కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని, "ఏడా? నాకు ఏడేనా?" అంటూ పలకరించినవాళ్ళందరి దగ్గరా కన్నీళ్ళు పెట్టుకున్నాడు. జనం వచ్చి భుజం తట్టారు. కొందరు ఏ జబ్బూ లేని గొడుగుల్ని కూడా జాలిపడి బాగుచేయించుకున్నారు. మధ్యాహ్నానికల్లా ఏడో వార్డులో ఏ ఇంటికెళ్ళినా, "పాపం, మరీ ఏడేంటండీ!" అన్న మాటే.

ఆ పొద్దున తొమ్మిదింటికే టీచరమ్మ ముద్రణాలయానికి వచ్చింది. చేతిలో గోడ మీంచి పీకిన పోస్టరు, దాని వెనక ఇంకా తడి ఆరని జిగురు. ఆ వెనకే తమ్ముడు.

ఫోర్‌మన్ కూర్చున్నవాడల్లా లేచి నిలబడ్డాడు. ఏం జరిగిందో ఆయనకూ అప్పుడే తెలిసింది. నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

"నూట పన్నెండు ఎలా వచ్చింది?" అందామె. అరవలేదు. బడిలో తప్పు లెక్క చేసిన పిల్లాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచినట్టు అడిగింది.

"అది... నేను జాగ్రత్తగానే వేశానే..."

"లెక్క చూపించండి."

ఆయన సొరుగులోంచి కాగితం తీసిచ్చాడు. ఆమె పెన్సిలు తీసి ఒక్కో వరుసకూ టిక్కు పెట్టుకుంటూ పైకి చదివింది. "బడిలో పనిచేసేవాళ్ళు ఐదుగురు. పిల్లల తల్లులు అరవై. తల్లుల మాట వినే తండ్రులు పదకొండు మంది. మా వైపు చుట్టాలు ఇరవై తొమ్మిది. మన వీధివాళ్ళు ఆరుగురు. నేను ఒకదాన్ని. మొత్తం నూట పన్నెండు. కూడిక కరెక్టే."

"చుట్టాల్లో నేనున్నానా బావా?" అన్నాడు బావమరిది.

"ఉన్నావురా, నువ్వు పన్నెండోవాడివి."

టీచరమ్మ కాగితం ఇంకోసారి పైనుంచి కింది దాకా చూసింది. "మరి మీరెక్కడున్నారు?"

ఫోర్‌మన్ కాగితం లాక్కుని వెతికాడు. వెనక్కి తిప్పి కూడా వెతికాడు. ఆయన అందులో లేడు. పక్క గదిలో అచ్చుయంత్రం దడదడమంటూ నడుస్తోంది.

"మర్చిపోయానే" అన్నాడు చివరికి.

"మీరు లెక్కల్లో దేన్నీ మర్చిపోరు."

"అది కాదే. నేను ఓటేసే మనిషినని నాకు తట్టలేదు. ఇన్నేళ్ళూ అచ్చేశాను గానీ, ఓటెప్పుడేశాను చెప్పు? మా ప్రెస్సువాళ్ళ ఓట్లు కూడా ఆ కవర్లోనే వచ్చేసేవి కదా."

ఆయన అన్నది నిజం. కానీ ఆ నిజం ఆమెకు ఏ మాత్రం ఊరట ఇవ్వలేదు. "ముప్పై ఏళ్ళు కాపురం చేశాను. తలుపు లేని గదిలో చదువుకునే పిల్లల తల్లులు నన్ను నమ్ముతున్నారని మీకు తెలుసు. మీరు నమ్ముతున్నట్టు మాత్రం మీకే తెలియదు" అని, కాగితం మడిచి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ క్షణం నుంచి ఆయనతో మాట్లాడడం మానేసింది. ఏదైనా చెప్పాల్సి వస్తే తమ్ముడికి చెప్పేది, తమ్ముడు లేకపోతే గోడకు చెప్పేది. "భోజనం వడ్డించానని చెప్పు" అని గోడతో అనేది. ఫోర్‌మన్ కూడా పాపం గోడ వైపే చూసి తలూపేవాడు.

బయట ఆయన మీద ఇంకో యుద్ధం మొదలైంది. ఇతణ్ణి సస్పెండు చేస్తున్నామని తాత్కాలిక ప్రభుత్వం ప్రకటించింది. ఎన్నికలప్పుడు ఉద్యోగులు మా కిందే ఉంటారు, సస్పెండు చేసే అధికారం మాదని కమిషన్ అంది. విచారణ లేకుండా ఎవరూ ఎవర్నీ ఏమీ చేయకూడదు, విచారణ మాదని న్యాయస్థానం అంది. విచారణ తేదీ ఇవ్వాలంటే ముందు సస్పెండు చేసి ఉండాలని గుమాస్తా చెప్పాడు. ఇలా ముగ్గురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడంతో ఫోర్‌మన్ మీద ఒక్క దెబ్బా పడలేదు. పెద్దాయన రోజుల్లోనైతే ఈపాటికి ఆయన పేరు జాబితాలోంచి ఎగిరిపోయేది. అధికారం మూడు ముక్కలైతే మామూలు మనిషికి మధ్యలో నిలబడే చోటు దొరుకుతుందని ఫోర్‌మన్‌కు మొదటిసారి అనిపించింది. ఆ నాలుగు వందల పేజీల్లో ఈ సంగతే రాసి ఉంటుందేమో, ఎప్పుడైనా చదవాలనుకున్నాడు.

కమిషన్ అధికారిణి మాత్రం శుక్రవారం సాయంత్రమే ముద్రణాలయానికి వచ్చి నెత్తి పట్టుకుంది.

"సిద్ధంగా పెట్టుకోమంటే ఇలా చేస్తారాండీ?"

"సిద్ధంగానే పెట్టానండీ."

ఆమె కోపం దిగమింగుకుని పని చెప్పింది. ఈ ఫలితాలు చెల్లవు, ఓటు వేసేది మీరే, రండి అని కొత్త పోస్టర్లు అచ్చు వేయాలి. పాత వాటిలో ప్రతి ఒక్కదాని మీదా ఇది అంటించాలి. అంటించేది ఫోర్‌మనూ, బావమరిదీనే. అయితే ఆ రెండు ముక్కల మాటలకు మూడు కార్యాలయాలూ ఒప్పుకోవాలి. 'రండి' అనడం ప్రజలను ఆదేశించడమవుతుందని ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. 'చెల్లవు' అనే తీర్పు తామే ఇవ్వాలని న్యాయస్థానం పట్టుబట్టింది. శనివారమంతా కాగితం ఈ మెట్లెక్కి ఆ మెట్లు దిగింది. మూడు సంతకాలూ పూర్తయి ముద్రణాలయానికి వచ్చేసరికి ఆదివారం ఉదయం పదకొండు. అప్పటికి పోలింగు మొదలై మూడు గంటలైంది.

ఫోర్‌మన్ అరగంటలో కంపోజు చేసి, గంటలో అచ్చు వేసి, జిగురు బకెట్టుతో వ్యానెక్కాడు. ఊరు ఊరంతా వీధుల్లోనే ఉంది. పెద్దాయన రోజుల్లో గడప దాటనివాళ్ళు, మంచం దిగనివాళ్ళు, పోస్టరు అబద్ధమని నిరూపించడానికే పంతం పట్టి లైన్లలో నిలబడ్డారు. ఫోర్‌మన్ వెళ్ళి 'ఓటు వేసేది మీరే, రండి' అన్న పోస్టరు అంటిస్తుంటే, "వచ్చాం కదయ్యా, కాస్త తప్పుకో, లైను కదలాలి" అని విసుక్కున్నారు.

మూడు వందల నలభై గోడలు. ఒక్కటి వదిలినా తప్పే. ఫోర్‌మన్ ఒక్కటీ వదల్లేదు. మూడింటికి బావమరిది జిగురు తెస్తానని వెళ్ళి, వేలికి ఓటు సిరాతో తిరిగొచ్చాడు.

"జిగురేదిరా?"

"దారిలో లైను చిన్నదిగా కనిపించింది బావా."

ఆఖరి గోడ ఏడో వార్డు బడి వెనకది. అది ముగించి, చేతులు చొక్కాకే తుడుచుకుంటూ ఫోర్‌మన్ బడి ముందుకు పరిగెత్తాడు. ఐదూ ఐదు నిమిషాలు. లోపల పెట్టెకు సీలు వేస్తున్నారు. "ఒక్కటే! ఒక్కటే ఓటు!" అని ఆయన కిటికీ ఊచలు పట్టుకుని బతిమాలాడు. టైమైపోయిందండీ అన్నారు లోపలివాళ్ళు. ఇరవై ఆరేళ్ళలో ఆయన దేనికైనా ఆలస్యంగా రావడం అదే మొదలు. అభ్యర్థులు కూర్చునే బెంచీ మీద నుంచి టీచరమ్మ అదంతా చూసింది.  ఆ కిటికీ దగ్గరే మెట్టు మీద కూర్చుని ఫోర్‌మన్ ఏడ్చాడు. జిగురు చేతులతో కళ్ళు తుడుచుకోవడంతో రెప్పలు అతుక్కుపోయి, బావమరిది నీళ్ళు తెచ్చి విడదీయాల్సి వచ్చింది.

సోమవారం పొద్దున అదే బడిలో లెక్కింపు. పెట్టెలు అందరి ముందూ బోర్లించి, ఒక్కో కాగితమూ పైకెత్తి చూపిస్తూ చదివారు. రెండు గంటల తర్వాత కమిషన్ అధికారిణి నిలబడి ప్రకటించింది. బొజ్జాయనకు తొంభై ఆరు. ఆయన తన ఇంట్లోవాళ్ళను, కొట్టులో పనివాళ్ళను, బ్యాండువాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, ఎవరో మోసం చేశారని తేల్చుకుని, న్యాయస్థానం గుమాస్తా కోసం వెతకసాగాడు. టీచరమ్మకు పదకొండు వందల డెబ్బై మూడు. గొడుగులాయనకు పన్నెండు వందల పద్నాలుగు.

గొడుగులాయన తనే గెలిచానని తెలియక టీచరమ్మ కోసం చప్పట్లు కొడుతున్నాడు. ఎవరో మోచేత్తో పొడిచి చెబితే, "నేనా? ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అని బెంబేలెత్తాడు.

"నాలుగో గదికి తలుపు పెట్టించాలి" అంది టీచరమ్మ. "రేపు పొద్దున పదింటికి వస్తాను. రాసుకోండి." అతను రాసుకున్నాడు.

తర్వాత ఆమె సరాసరి మొగుడి దగ్గరికి వచ్చింది. మూడు రోజుల తర్వాత నోరు విప్పి ఆయనతో అన్న మొదటి మాట ఇది: "ఆ నూట పన్నెండేంటండీ? మూడు ఇవ్వాల్సింది నాకు! ఆ జాలి ఓట్లన్నీ నాకే పడేవి. గౌరవంగా ఓడించి నా కొంప ముంచారు."

ఫోర్‌మన్ తల దించుకుని, ఫలితాల కాగితం తీసుకుని ముద్రణాలయానికి నడిచాడు.

ఈసారి ఆయన చదువుతూ కంపోజు చేశాడు. చెయ్యి మాటిమాటికీ ఆగింది. కొత్త నిబంధనల ప్రకారం అచ్చుకు ముందు అభ్యర్థులు ప్రూఫు చూసి సంతకం పెట్టాలి. గొడుగులాయన చదవకుండానే పెట్టేశాడు. బొజ్జాయన చదివి, పెట్టనన్నాడు. టీచరమ్మ కమిషన్ అధికారిణి పక్కన నిలబడి, ఎర్ర పెన్సిలుతో ఒక్కో అంకే చూసుకుంటూ వచ్చి, తన పేరు దగ్గర ఆగింది.

"పదకొండు వందల డెబ్బై నాలుగని ఉందేంటి? డెబ్బై మూడు కదా."

అధికారిణి తన కాగితం చూసుకుంది. డెబ్బై మూడే. ఇద్దరూ ఫోర్‌మన్ వైపు తిరిగారు. ఇరవై ఆరేళ్ళలో ఆయన ప్రూఫులో ఇది మొదటి తప్పు.

"ఆ ఒక్కటీ నాది" అన్నాడాయన. "వెయ్యడానికే పరిగెత్తుకొచ్చాను. తలుపేసేశారు. ఎలాగూ నలభై ఒకటితో ఓడిపోయావు, నలభైతో ఓడిపోతే ఎవరికి నష్టమే? నన్ను మాత్రం అందులో ఉండనియ్యి."

 టీచరమ్మ నాలుగు అంకె మీద ఎర్ర పెన్సిలుతో అడ్డంగా గీత గీసింది. "పెట్టెలో పడితేనే ఓటండీ. ఇక్కడ పెడితే అచ్చుతప్పు" అంది. గొంతు మాత్రం ఇప్పుడు మెత్తగా ఉంది. "ఈ పదకొండు వందల డెబ్బై మూడు మందీ ఎండలో నిలబడి వేశారు. వాళ్ళ పక్కన ఉత్తుత్తి ఓటు ఒకటి ఉండకూడదు, అది మీదైనా సరే."

ఫోర్‌మన్ చిన్న పట్టకారుతో నాలుగు తీసేసి, మూడు పెట్టాడు. రెండో ప్రూఫు తీశాడు. ఆమె సంతకం పెట్టింది. అప్పుడాయన బల్ల దగ్గర కూర్చుని, తెల్ల కాగితం తీసుకుని గబగబా ఏదో రాసి అధికారిణి చేతికిచ్చాడు. అది సెలవు చీటీ. వచ్చే ఎన్నికల నాటికి ఒక రోజు సెలవు కావాలని, తేదీ ఇంకా తెలియదు గనక ఆ చోటు ఖాళీ వదిలానని ఉంది. కారణం అన్న చోట 'నా భార్యకు ఓటు వేయుట కొరకు' అని రాసి ఉంది.

"ఎన్నికలకి ఇంకా ఐదేళ్ళుందండీ!" అంది అధికారిణి.

"ముందే ఇచ్చేస్తే మంచిదని."

"పైగా ఓటు రహస్యం. ఎవరికేస్తారో ఇలా రాయకూడదు. నేనిది తీసుకోలేను. అసలిది మంజూరు చేసే అధికారం ఎవరిదో కూడా నాకు తెలీదు" అని ఆమె నిబంధనల పుస్తకం తిరగేయడం మొదలుపెట్టింది.

టీచరమ్మ చెయ్యి చాపి ఆమె దగ్గర్నుంచి చీటీ తీసుకుంది. మొదటి నుంచి చివరి దాకా చదివి, తప్పుల్లేవని చూసుకుని, ఎర్ర పెన్సిలుతో కింద సంతకం పెట్టి, నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

"ఆ అధికారం నాది" అంది.